రక్తపరీక్ష నార్మల్ వస్తే సర్వైకల్ క్యాన్సర్ లేనట్టేనా?

ప్రశ్న: నా వయసు 42. మాది దేవరకొండ దగ్గర పల్లె. మా చిన్నమ్మ పోయినేడు గర్భసంచి ముఖద్వార (సర్వైకల్) క్యాన్సర్‌తో చనిపోయింది. అప్పటి నుంచి నాకూ వస్తుందేమోనని ఒకటే టెన్షన్. నల్లగొండలో ఒక ల్యాబ్‌లో క్యాన్సర్ ప్యాకేజీ అంటే రక్తం ఇచ్చాను. ఎస్‌సీసీ యాంటిజెన్, సీఏ-125 రెండూ నార్మల్ అన్నారు. తెల్లబట్ట అప్పుడప్పుడు అవుతుంది. లోపల చేసే పరీక్ష అంటే నాకు సిగ్గు, భయం. ఇక అది అక్కర్లేదు కదా డాక్టర్?
– ఒక సోదరి, నల్లగొండ జిల్లా

జవాబు: అక్కరుందమ్మా. ఆ రిపోర్టు చూసుకుని నిశ్చింతగా ఉండటానికి లేదు.

ఎస్‌సీసీ యాంటిజెన్ అంటే కొన్ని క్యాన్సర్లలో రక్తంలో పెరిగే ఒక ప్రొటీన్. తొలిదశ క్యాన్సర్ ఉన్న చాలామందిలో అది నార్మల్‌గానే ఉంటుంది. క్యాన్సర్‌గా మారకముందు దశను అది పట్టుకోలేదు. పైగా సోరియాసిస్ ఉన్నా, కిడ్నీలు దెబ్బతిన్నా పెరుగుతుంది. సీఏ-125 ఎక్కువగా అండాశయ క్యాన్సర్‌కు వాడే పరీక్ష. పీరియడ్స్ సమయంలోనూ పెరగవచ్చు. క్యాన్సర్ అని తేలినవాళ్లకు చికిత్స పనిచేస్తుందా, జబ్బు తిరగబెడుతోందా అని చూడటానికి ఎస్‌సీసీ పనికొస్తుంది. ఏ ఇబ్బందీ లేనివాళ్లకు ప్యాకేజీలో కలిపి అమ్మడం నాకు నచ్చని పని.

రక్తంలో ఎందుకు దొరకదంటే, ఈ క్యాన్సర్‌కు దాదాపు ఎప్పుడూ కారణం హెచ్‌పీవీ వైరస్. అది ముఖద్వారం పైపొరలోనే ఉండిపోతుంది, మామూలుగా రక్తంలో తిరగదు. వైరస్ సోకి పోకుండా ఉండిపోతే, క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా 15–20 ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లన్నీ మార్పులు అక్కడే జరుగుతాయి. చూడాల్సింది కూడా అక్కడే. కణితి నుంచి రక్తంలోకి వచ్చే హెచ్‌పీవీ డీఎన్‌ఏ మీద, మైక్రో ఆర్‌ఎన్‌ఏల (కణాల్లోని చిన్న జన్యు ముక్కల) మీద పరిశోధనలు నడుస్తున్నాయి. అయితే స్క్రీనింగ్‌కు (లక్షణాలు లేనప్పుడే జబ్బును వెతికే పరీక్షకు) బదులుగా వాడదగ్గ రక్తపరీక్ష ఇంకా రాలేదు.

మీ చిన్నమ్మకు వచ్చిందని మీకూ వస్తుందని కాదు. ఇది ప్రధానంగా వంశం వల్ల వచ్చే జబ్బు కాదు. ఆమెకు రాకపోయినా ఈ వయసులో మీరు పరీక్ష చేయించుకోవాల్సిందే.

30 దాటినవాళ్లకు, లోపలి శాంపిల్‌లో ఆ వైరస్ ఉందేమో చూసే హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్ష మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. నార్మల్ వస్తే మళ్లీ 5–10 ఏళ్లకు చాలు. సౌకర్యం ఉన్నచోట శాంపిల్ మీరే తీసి ఇవ్వవచ్చు, సిగ్గుపడే పనే ఉండదు. ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పాప్ స్మియర్ అయితే మూడేళ్లకోసారి. ప్రభుత్వ కార్యక్రమంలో 30–65 ఏళ్లవాళ్లకు ఐదేళ్లకోసారి చేసే వీఐఏ పరీక్షలో ముఖద్వారానికి పలుచని ఎసిటిక్ యాసిడ్ రాస్తారు. మార్పు ఉన్నచోట కాసేపట్లో తెల్లబడుతుంది. ఎక్కడ చేస్తారో మీ ఊరి ఆశా, ఏఎన్ఎంలను అడగండి. నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రి గైనిక్ ఓపీకి వెళ్లినా సరే, లేడీ డాక్టర్ కావాలని మొహమాటపడకుండా అడగండి.

మన వైపు తెల్లబట్ట అనగానే "గర్భసంచి తీయించేసుకో" అనే సలహా తొందరగా వస్తుంది. వినకండి. తెల్లబట్ట చాలాసార్లు ఇన్ఫెక్షనే. ఒకవేళ ముందుదశ మార్పులు బయటపడినా ఎక్కువమందికి ఆ కాస్త భాగానికే చికిత్స చేస్తారు, సంచి ఉంటుంది.

పరీక్షకు పీరియడ్స్ అయిపోయాక వెళ్లండి. అంతకు రెండు రోజుల ముందు నుంచి కలయిక, లోపల పెట్టుకునే మాత్రలు వద్దు. అయితే తెల్లబట్ట దుర్వాసన వస్తున్నా, అందులో రక్తం కనిపించినా, కలయిక తర్వాత రక్తం పోతున్నా ఈ లెక్కలేవీ చూడకుండా వెంటనే గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లండి.