ఫ్యాషన్ వీక్ బట్టలు తిరుపతిలో ఎవరు వేసుకుంటారు?

ర్యాంప్ మీద చూపే బట్టలు ఎవరూ వేసుకోరు కదా, ఫ్యాషన్ వీక్ జరిగే చోటు బయట వీధిలో ఫొటోలు దిగేవాళ్ళే నయం కదా, తిరుపతిలో బుటిక్ పెట్టబోయే మనిషి ఈ రెండింటిలో దేన్ని చూసి నేర్చుకోవాలి అని అడిగారు. రెండూ చూడండి. ర్యాంప్‌ను దర్జీ కళ్ళతో చూడండి, వీధిని కాస్త అనుమానంగా చూడండి.

నేను పెళ్ళికి ముందు ముంబయిలో ఒక డిజైనర్ దగ్గర పనిచేశాను. ఫ్యాషన్ వీక్ వచ్చిందంటే మమ్మల్ని తెర వెనుక బట్టలు తొడిగే పనికి పెట్టేవారు. ఒక్కో మోడల్‌కు బట్టలు తగిలించే ఒక్కో కడ్డీ ఉంటుంది. దానికి వరుస అంకెలతో బట్టలు, ఏది ఎలా తొడగాలో చూపే ఫొటో, కింద చెప్పులు. చెప్పుల అడుగున టేపు అంటించి ఉంటుంది. నడిచేటప్పుడు జారకూడదు, పైగా అరగకుండా తిరిగి ఇచ్చేయాలి. మోడల్ పరుగున లోపలికి రాగానే ఒకరు హుక్కులు విప్పుతారు, ఇంకొకరు కింద కూర్చుని చెప్పులు మారుస్తారు, మూడో మనిషి వీపు వెనుక పిన్నులు గుచ్చి కొలత సరిపెడుతుంది. మొత్తం ప్రదర్శన పావుగంటకు అటూ ఇటూ. కాబట్టి ఫోనులో ఏదో గౌను చూసి ‘ఎంత చక్కగా కుదిరింది’ అని మురిసిపోయి, అదే బిగువు మన జాకెట్టుకు రావాలని మాస్టర్‌ను సతాయించకండి. అందులో సగం పిన్నుల మహిమ.

ఇక ఎవరు వేసుకుంటారనే మాట. మే నెలలో తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చూసినవారికి ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం అంటూ రోజుకో వేషం కడతారు, మగవాళ్ళు చీర కట్టి నగలు పెట్టుకుని నడిచిపోతారు. ‘ఈ బట్టలతో ఉద్యోగానికి ఎలా వెళతారు’ అని ఎవరైనా అడుగుతారా? ర్యాంప్ మీద కనిపించేదీ చాలావరకు వేషమే. ఈసారి తన మనసు ఏ రంగు, ఏ ఆకారం, ఏ నేత వైపు పోయిందో డిజైనర్ పెద్దది చేసి చూపిస్తాడు. భుజం మీద జానెడు ఎత్తు లేచిన మడత దుకాణానికి వచ్చేసరికి బుట్ట చేయి అవుతుంది. మీరు పట్టుకోవలసింది ఆ బుట్ట చేతినే. మెడ ఎంత లోతు, చేయి ఎక్కడ ఆగింది, అంచు ఎటు తిప్పారు, ఇవి చూసి నోటుబుక్కులో గీసుకోండి.

న్యూయార్క్, లండన్, మిలాన్, పారిస్‌లలో ఫిబ్రవరి, మార్చిలో చూపేవి ఆ ఏటి చలికాలపు బట్టలు. సెప్టెంబరు, అక్టోబరులో చూపేవి మరుసటి వేసవివి. దుకాణాలవారు ఆర్డరు ఇచ్చి కుట్టించుకోవడానికి ఆ ఆరు నెలల వ్యవధి. ఉన్ని కోట్లతో మనకేం పని? మన దేశంలో అక్టోబరు ప్రాంతంలో జరిగే లాక్మే ఫ్యాషన్ వీక్ మీద కన్నేయండి. పండుగల, పెళ్ళిళ్ళ బట్టలే ఎక్కువ ఉంటాయి, మాఘ, ఫాల్గుణ ముహూర్తాలకు మీకు ఇంకా గడువు ఉంటుంది.

వీధి సంగతికి వస్తే, న్యూయార్క్ టైమ్స్ పత్రికకు బిల్ కనింగ్‌హామ్ అనే ఆయన దశాబ్దాల పాటు ఫొటోలు తీశాడు. నీలం రంగు కూలీ కోటు వేసుకుని సైకిల్ మీద తిరుగుతూ, 2016లో చనిపోయే దాకా అదే పని. తమ డబ్బుతో కొనుక్కుని తమకు తోచినట్టు వేసుకున్నవాళ్ళంటే ఆయనకు ఇష్టం. ఇప్పుడు ఫ్యాషన్ వీక్ గేటు బయట కనిపించేవారిలో చాలామందికి ఆ బట్టలు కంపెనీలే అరువిస్తాయి. ముంబయిలో నేను స్వయంగా చూశాను, ఆటో దిగి, గోడ పక్కకు వెళ్ళి చెప్పులు మార్చుకుని, అప్పుడే వస్తున్నట్టు కెమెరాల ముందు నడిచేవారు.

మీకు కావలసిన వీధి ఇక్కడే ఉంది. సాయంత్రం గోవిందరాజస్వామి గుడి చుట్టూ మాడ వీధుల్లో ఒక గంట నిలబడండి. తిరుమలలో ఆర్జిత సేవలకు ఆడవాళ్ళు చీర, లంగా ఓణీ, లేదా చున్నీతో చుడీదార్ వేసుకోవాలి. గంటల తరబడి క్యూలో నిలబడినా నలగకూడదు, చున్నీ జారకూడదు, బయటికి వచ్చాక ఫొటోలో బాగుండాలి. భుజం దగ్గర చిన్న కాజా పెట్టి చున్నీని నిలిపే చుడీదార్, టికెట్టూ ఆధార్ కార్డూ పట్టే జేబు ఉన్న లంగా, ఇలాంటివి నా దగ్గర మగ్గం వర్క్ జాకెట్ల కన్నా తొందరగా అమ్ముడుపోతాయి.

చివరగా కలంకారీ. శ్రీకాళహస్తి గంట దూరంలో ఉండగా వేరే ప్రింట్ల వెంట పడడం నాకు నచ్చదు. 2025 జూన్‌లో మిలాన్‌లో ప్రాడా అనే ఇటలీ ఫ్యాషన్ కంపెనీ మహారాష్ట్రలోని కొల్హాపూర్ చెప్పుల్లాంటివి ఊరి పేరు చెప్పకుండా ర్యాంప్ ఎక్కించింది. ఇక్కడ గొడవయ్యాకే భారతీయ చేతిపనివారి చెప్పుల నుంచి తీసుకున్నామని ఒప్పుకుంది. మీరు మాత్రం బిల్లు మీద ఊరి పేరు రాయండి. స్క్రీన్ ప్రింటును కలంకారీ అని అమ్మకండి. చేత్తో వేసినదాంట్లో ఒకే పువ్వు రెండు చోట్ల అచ్చు గుద్దినట్టు ఉండదు. కరక్కాయ, గేదె పాలలో నానిన గుడ్డ కాబట్టి కొత్తలో పాల వాసన కూడా వస్తుంది.

కత్తెర పెట్టే ముందు గుడ్డ అంతా నేల మీద పరిచి బొమ్మలు ఎక్కడున్నాయో చూసుకోండి. అమ్మవారి ముఖం చంక కుట్టులోకి పోతే ఈ ఊళ్లో ఆ జాకెట్టు ఎవరూ తీసుకోరు. దేవుడి బొమ్మలున్న గుడ్డను లంగాకు అసలు వాడకండి, కూర్చునేచోట బొమ్మ పడుతుంది. లతలు, నెమళ్ళు ఉన్నవి అడగండి. కలంకారీ గుడ్డను రంగు వేసిన ప్రతిసారీ ఉతికి ఎండబెట్టాలి, వానలు పట్టుకుంటే పని సాగదు. మాఘమాసపు పెళ్ళిళ్ళకు కావాలంటే దసరా లోపే చెప్పి పెట్టండి.