టెన్షన్ పడితే షుగర్ పెరుగుతుందా?

పెరుగుతుంది, స్వీటు ముట్టుకోకపోయినా సరే. ముఖ్యంగా ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్లలో.

కంగారు పడినప్పుడు ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు ఎక్కువవుతాయి. ప్రమాదం ముంచుకొచ్చింది, పరుగెత్తడానికి శక్తి కావాలన్నట్టు కాలేయం తాను దాచుకున్న గ్లూకోజ్‌ను రక్తంలోకి వదిలేస్తుంది. పైగా ఇన్సులిన్ కూడా ఆ సమయంలో సరిగా పనిచేయదు. షుగర్ లేనివాళ్లలో క్లోమం ఇంకాస్త ఇన్సులిన్ ఇచ్చి లెక్క సరిచేస్తుంది. ఉన్నవాళ్లలో అది కుదరదు.

కూతురి పెళ్లి పెట్టుకున్న తండ్రినే చూడండి. అవే మాత్రలు, రాత్రికి అవే రెండు పుల్కాలు. కానీ డబ్బు ఎక్కడ సర్దాలా అన్న ఆలోచనతో కంటికి కునుకు ఉండదు. పరగడుపున 130 ఉండే షుగర్ ఆ వారం 170 చూపించవచ్చు. నిద్ర చెడటం కూడా దీనికి తోడే.

అయితే ‘టెన్షన్ వల్లే షుగర్ వచ్చింది, అది తగ్గితే మాత్రలు మానేయొచ్చు’ అనుకోవడం పొరపాటు. వంశపారంపర్యం, అధిక బరువు, ఒళ్లు కదలకపోవడం లాంటివి లేకుండా టెన్షన్ ఒక్కటే ఈ జబ్బు తెచ్చిపెట్టడం అరుదు. హెచ్‌బీఏ1సీ ఎక్కువొస్తే దాన్ని నిన్నటి కంగారు మీదకు నెట్టడమూ కుదరదు. అది రెండు మూడు నెలల సగటు చెప్పే పరీక్ష.