రిటైరయ్యాక వెచ్చగా, నీటి దగ్గర, కళల మధ్య, పెన్షన్‌లో సరిపెట్టుకుని ఉండాలంటే: నేను బందరు చెబుతాను

ఢిల్లీ చలికి మోకాళ్లు పట్టేస్తున్నాయని, వచ్చే ఏడు రిటైరవగానే సముద్రమో నదో దగ్గరున్న ఊరికి వెళ్లిపోవాలని రాశారు. మీ ఆవిడ వీణ వాయిస్తారు కాబట్టి సంగీతం, బొమ్మలు, నాట్యం లాంటివి చుట్టూ ఉండాలన్నారు. పెన్షన్ దాటి ఖర్చు కాకూడదన్నారు. విశాఖ, పాండిచ్చేరి చూశామని, ఇంకేదైనా ఊరు ఉందా అని అడిగారు. మేమిద్దరం బ్యాంకు ఉద్యోగాలు ముగించుకుని నాగపూర్ నుంచి వచ్చి మచిలీపట్నంలో స్థిరపడ్డాం. చుట్టుపక్కల వాళ్లందరిలాగే మేమూ బందరనే అంటాం. కాబట్టి ఉన్న ఊరి గురించే చెబుతాను.

ముందు విశాఖ, పాండిచ్చేరి సంగతి. విశాఖలో సముద్రం కనిపించే ఇల్లు కావాలంటే పెన్షన్ డబ్బు చాలదు. సముద్రం కనిపించని ఇంటికైతే అంత పెద్ద ఊరి ట్రాఫిక్‌ని భరించడం ఎందుకు? పాండిచ్చేరి అందమైన ఊరే, కాదనను. కానీ డెబ్బై ఏళ్లు దాటాక అర్ధరాత్రి ఆస్పత్రికి వెళ్తే, నొప్పి ఎక్కడో, ఎలా ఉందో నర్సుకి మన భాషలో చెప్పుకోగలగాలి. ఢిల్లీలో ఇన్నేళ్లు ఉన్న మీకు ఇది నేను వేరే చెప్పక్కర్లేదు. సముద్రం కాకపోయినా నది చాలనుకుంటే రాజమండ్రి నిజంగా మంచి ఊరు. సాయంత్రం గోదావరి గట్టు, దామెర్ల రామారావు చిత్రశాల, గౌతమీ గ్రంథాలయం ఉంటే ఇంకేం కావాలి అనిపిస్తుంది. మేము కూడా చివరిదాకా రాజమండ్రి, బందరుల మధ్యే ఊగాం.

బందరు వైపు మొగ్గడానికి కారణం పెడన. ఇక్కడికి పది కిలోమీటర్లు. కళలున్న ఊరంటే ఏడాదికోసారి ఉత్సవం, రెండు గ్యాలరీలు అని చాలామంది అనుకుంటారు. అవి చుట్టపుచూపుగా వచ్చేవాళ్లకు బాగుంటాయి. రోజూ ఉండబోయే మనకు మాత్రం, కళ మీద బతికే మనుషులు పక్కవీధిలో ఉండాలి. పెడనలో కలంకారీ అచ్చులు చెక్కేవాళ్లున్నారు, రంగులు కాచేవాళ్లున్నారు, అద్దేవాళ్లున్నారు. వెళ్లి కూర్చుంటే పొమ్మనరు. ఆసక్తి ఉందని తెలిస్తే పని ఆపకుండానే చెబుతారు.

గుడ్డని కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెడితే వచ్చే ద్రావణంతో అద్దినప్పుడు, కరక్కాయ పట్టిన గుడ్డ మీద అది నల్లగా తేలుతుంది. ఎరుపు కోసం పటిక అద్దుతారు. అప్పటికి పెద్దగా రంగేమీ కనబడదు. తర్వాత ఎర్రరంగు ఇచ్చే వేళ్లూ చెక్కలూ వేసి కాగులో ఉడికిస్తే, పటిక తగిలిన చోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. నేను మొదటిసారి అది చూసి ఆ కాగు దగ్గర నుంచి కదల్లేకపోయాను. ఇక ఉతకడం పారే నీళ్లలోనే జరగాలి. నిలవ నీళ్లలో జాడిస్తే విడిపోయిన రంగు మళ్లీ గుడ్డకే అంటుకుంటుంది. కృష్ణా కాలువల ఒడ్డున ఈ పని నిలబడడానికి ఆ పారే నీళ్లూ ఒక కారణమే. మీరు నీళ్లూ కావాలి, కళా కావాలి అన్నారు. ఇక్కడ ఆ రెండూ ఒకే చోట దొరుకుతాయి. ఇప్పుడు నేను వారంలో కొన్ని పొద్దులు అక్కడే గడుపుతున్నాను. అచ్చు తిన్నగా పడేలా వేయడం నేర్చుకుంటున్నాను.

ఇక కూచిపూడి. బందరు నుంచి పామర్రు దాకా వెళ్లి చల్లపల్లి రోడ్డు పట్టుకుంటే వచ్చేస్తుంది. దగ్గర్లోనే మొవ్వ, క్షేత్రయ్య పదాల్లోని మువ్వగోపాలుడి ఊరు. కూచిపూడిలో ప్రదర్శన ఉంటే ఊరి జనం మధ్య కూర్చుని చూడొచ్చు. పక్కన కూర్చున్న పెద్దాయన తాళం ఎక్కడ తప్పిందో మెల్లగా చెబుతుంటే, ఏ ఆడిటోరియంలోనూ అంత నేర్చుకోలేం. బందరుకీ సొంత చరిత్ర ఉంది. 1910లో మొదలైన ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ ఛటర్జీ చిత్రకళ నేర్పారు, అడివి బాపిరాజు ఆయన దగ్గర నేర్చుకున్నారు.

సముద్రం మంగినపూడిలో ఉంది, ఊరికి పది పన్నెండు కిలోమీటర్లు. పోస్టర్లలో కనిపించే తెల్లటి ఇసుక ఉండదు, నల్లటి బంకమట్టి నేల. లోతు తక్కువ కాబట్టి నీళ్లలో చాలాదూరం నడవొచ్చు. కార్తీక పౌర్ణమికి జనం పోటెత్తుతారు, మామూలు రోజుల్లో తెల్లవారుజామున ప్రశాంతంగా ఉంటుంది. ఆ దూరం ఉండడమే మేలని నా గట్టి అభిప్రాయం. సముద్రాన్ని ఆనుకుని ఇల్లు తీసుకోకండి. 1864 ఉప్పెనలో బందరు పట్టణం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. 1977 నవంబరులో దివిసీమని ముంచెత్తిన ఉప్పెన గురించి మాట్లాడేటప్పుడు ఇక్కడి పెద్దవాళ్ల గొంతు ఇప్పటికీ మారిపోతుంది. ఇప్పుడు ముందస్తు హెచ్చరికలు బాగా వస్తున్నాయి, తుఫాను షెల్టర్లూ ఉన్నాయి. అయినా అక్టోబరు, నవంబరు వచ్చాయంటే వాతావరణ వార్తలు చూడడం మా దినచర్యలో భాగమైపోయింది. ఊళ్లో, కాస్త మెరక మీద, గట్టి స్లాబు ఉన్న ఇల్లు చూసుకోండి.

వెచ్చదనానికి ఏ లోటూ లేదు. సంక్రాంతి చలి కూడా మీకు హాయిగా ఉంటుంది, మోకాళ్ల బాధ తగ్గుతుందని నా నమ్మకం, మా ఆయనకి తగ్గింది. మే నెల మాత్రం కష్టం. ఢిల్లీలో వడగాలి పొడిగా ఉంటుంది, ఇక్కడ ఒళ్లంతా జిగటగా చెమట. సాయంత్రం సముద్రపు గాలి తిరిగాక గానీ ప్రాణం లేచిరాదు. దోమలు ఎక్కువే, కిటికీలకు మెష్ వేయించుకోవాల్సిందే. బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. తాగడానికి మేము క్యాన్లే తెప్పించుకుంటాం. ఉప్పుగాలికి గేట్లు, ఏసీ బయటి యూనిట్లు త్వరగా తుప్పు పడతాయి కాబట్టి ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

అద్దె, కూరగాయలు, చేపలు, ఆటో, పనిమనిషి అన్నీ కలిపి చూస్తే నాగపూర్ కంటే మాకు బాగా తక్కువవుతోంది. కొనే విషయంలో తొందర వద్దు. 2023లో పోర్టు పనులు మొదలయ్యాక స్థలాల బ్రోకర్లు ఎక్కువయ్యారు. ఏ స్థలమైనా ఈసీ (దాని మీద లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) తీయించండి, అసైన్డ్ భూమో (ప్రభుత్వం పేదలకిచ్చినది) కాదో, రిజిస్ట్రేషన్ కుదరని 22ఏ నిషేధిత జాబితాలో ఉందో లేదో చూసుకోండి. తీరానికి దగ్గరైతే సీఆర్‌జెడ్, అంటే తీరప్రాంతంలో కట్టడాల మీద ఉండే నిబంధనలు కూడా అడగండి. మీ వయసులో, మా వయసులో కోర్టు టెన్షన్ అక్కర్లేదు. అద్దెకు దిగితే పోయేదేమీ లేదు. వచ్చి చూడాలనుకుంటే డిసెంబరులో రావద్దు, అప్పుడు ఏ తీరమైనా నచ్చేస్తుంది. మే నెలలో ఒకసారి, తుఫాను రోజుల్లో ఒకసారి వచ్చి ఉండి చూడండి.

వైద్యం గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. 2023లో ఇక్కడ ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. జ్వరం, బీపీ, షుగర్ లాంటివాటికి ఊళ్లోనే సరిపోతుంది. గుండెకీ కీళ్ల ఆపరేషన్లకీ విజయవాడ వెళ్లాలి, డెబ్బై కిలోమీటర్లు. ఇంకొంచెం ముందుకు వెళ్తే మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. మీలో ఎవరికైనా ఇప్పటికే గుండె జబ్బు ఉంటే మాత్రం బందరు వద్దనే చెబుతాను, విజయవాడలోనే ఉండి ఇటు వస్తూ పోతూ ఉండండి.

మీ ఆవిడ వీణ సంగతి. ఈ ఎండలకు వీణ మెట్ల కింది మైనం మెత్తబడుతుంది. పడమటి ఎండ పడని గది వీణకి కేటాయించండి. మేళం, అంటే మైనం మీద ఆ మెట్ల అమరిక, మళ్లీ కట్టించాల్సి వస్తే నూజివీడులో వీణలు చేసే కుటుంబాలున్నాయి. పొద్దున్నే బయల్దేరి వీణ వాళ్లకి అప్పజెప్పి సాయంత్రానికి ఇంటికి వచ్చేయొచ్చు. ఇక్కడ ఆవిడ ఒక్క దసరాకి వాయించారంటే చాలు, నేర్పమని పిల్లల్ని తీసుకుని తల్లులు వస్తారు. మా వీధిలోనే ఇద్దరు ముగ్గురు పిల్లలు వీణ టీచర్ కోసం చూస్తున్నారు.