ఒకజాకీ చేసినవి 5 గోల్సేనా?

ప్రశ్న: ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ లెస్టర్ సిటీ ప్రీమియర్ లీగ్ గెలిచిన 2015–16లో జపాన్ ఫార్వర్డ్ షింజి ఒకజాకీ లీగ్ గోల్స్ 5 మాత్రమే. ఆయనను అంతగా ఎందుకు పొగుడుతారు?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: గోల్స్ లెక్కతో ఆయనను తూచకండి, దయచేసి. బంతి చేజారిన మరుక్షణం డిఫెండర్ల వెంటపడేవాడు. సహచర స్ట్రైకర్ జేమీ వార్డీకి ఖాళీ దొరికింది ఆ పరుగుల వల్లే. 2016 మార్చిలో న్యూకాజిల్‌పై గాలిలో వెల్లకిలా లేచి కొట్టిన గోల్‌తోనే 1–0 గెలుపు. మనకప్పుడు రాత్రి రెండు కావస్తోంది. మంచం మీదినుంచి లేచి నిలబడిపోయాను. గోల్సే కావాలంటే, జర్మనీలో మైంజ్‌ తరఫున 2013–14లో 15 చేశాడు. తర్వాత స్పెయిన్ రెండో డివిజన్‌లో 12 కొట్టి, వెస్కా క్లబ్‌ను పై డివిజన్‌కు చేర్చాడు. అప్పటికి ముప్పై నాలుగేళ్లు! జపాన్‌కు 50 గోల్స్ చేశాడు. 2024లో బెల్జియంలో ఆటకు వీడ్కోలు పలికాడు.