డాక్టర్ సలహా: రిపోర్టులో ‘పడదు’ అని వస్తే రొయ్యలు మానేయాలా?

ప్రశ్న: నా వయసు 31. మాది భీమవరం. ఆరేళ్లుగా పొద్దున లేవగానే ఆగకుండా తుమ్ములు, ముక్కు కారడం, కళ్ల దురద. పక్క దులిపినా, ఇల్లు ఊడ్చినా మరీ ఎక్కువ. రోజూ రాత్రి సెటిరిజిన్ అనే అలర్జీ మాత్ర వేసుకుంటే కొంత నయం. నాలుగు నెలల క్రితం ఒక ల్యాబ్‌లో ‘అలర్జీ ప్యాకేజీ’ రక్తపరీక్ష చేయించుకుంటే రొయ్యలు, గుడ్డు, పాలు, వంకాయ సహా 14 పదార్థాలు పడవని వచ్చింది. అంతకుముందు ఇవన్నీ తినేదాన్ని, ఏ ఇబ్బందీ లేదు. రిపోర్టు చూశాక అన్నీ మానేశాను. బరువు తగ్గాను గానీ తుమ్ములు తగ్గలేదు. ఇప్పుడు మా డాక్టర్ స్కిన్ ప్రిక్ టెస్ట్ చేయించుకోమంటున్నారు. సూదులంటే భయం. దీంతోనైనా తేలుతుందా? రొయ్యలు ఇక శాశ్వతంగా మానేయాల్సిందేనా? – ఒక పాఠకురాలు

జవాబు: మీ తుమ్ముల కంటే మీరు నాలుగు నెలలుగా చేస్తున్న పథ్యం నన్ను ఎక్కువ కలవరపెట్టింది. ఆహారం వల్ల వచ్చే అలర్జీ సాధారణంగా తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల్లోపు బయటపడుతుంది. నోట్లో దురద, పెదవుల వాపు, ఒంటి మీద దద్దుర్లు, వాంతులు, ఆయాసం వంటివి కనిపిస్తాయి. మీకు అవేవీ ఎప్పుడూ రాలేదు. పక్క దులిపితే తుమ్ములు వస్తున్నాయి. అంటే అనుమానించాల్సింది పరుపును, దిండును; కంచాన్ని కాదు.

ముందు ఆ రిపోర్టు తీసి చూడండి. ‘ఐజీజీ’ అని రాసి ఉంటే దాన్ని పక్కన పెట్టేయండి. ఐజీజీ అనేది రక్తంలో ఉండే ఒక రకం యాంటీబాడీ, ఆ పదార్థాన్ని మనం తింటున్నామని చెప్పే గుర్తు మాత్రమే. దాన్ని బట్టి ఆహారం మాన్పించకూడదని అలర్జీ నిపుణుల సంఘాలు ఏళ్ల తరబడి చెబుతున్నాయి. ‘ఐజీఈ’ అని ఉంటే మాత్రం పరిశీలించాలి, అలర్జీని రేపే యాంటీబాడీ అదే. అప్పుడు కూడా దాని అర్థం మీ శరీరం ఆ పదార్థాన్ని గుర్తుపట్టి ఉంచుకుందని, అంతవరకే. తింటే హాని జరుగుతుందో లేదో ఆ కాగితం చెప్పలేదు.

రొయ్యల విషయంలో ఇంకో చిక్కు ఉంది. పరుపులో, దిండులో కంటికి కనిపించని మైట్లు అనే జీవులుంటాయి. మనిషి ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతాయి. తేమ వాటికి ప్రాణం, మీ గోదావరి జిల్లాల్లో తేమకు కొదవ లేదు. మైట్లు, బొద్దింకలు, రొయ్యలు, పీతలు అన్నీ కీళ్ల కాళ్లున్న ఒకే పెద్ద జాతికి చెందినవి. వాటి కండరాల్లో ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ దాదాపు ఒకేలా ఉంటుంది. మైట్ల మీద తయారైన ఐజీఈ కొందరిలో రొయ్యను కూడా తన శత్రువే అనుకుంటుంది. అందుకే దుమ్ము పడని మనిషికి, జీవితమంతా ఇగురూ వేపుడూ హాయిగా తిన్నా, పరీక్షలో రొయ్య పాజిటివ్ రావచ్చు. మీ విషయంలో జరిగింది ఇదేనని నా అనుమానం. స్కిన్ ప్రిక్ టెస్ట్‌లోనూ ఇదే రావచ్చు కనుక ముందే చెబుతున్నాను, కంగారు పడకండి.

మన భాషలో ‘పడదు’ అనే మాట చాలా వాటిని కలిపేస్తుంది. పాలు తాగితే కడుపు ఉబ్బరించినా పడదంటాం, ఆవకాయ తింటే గుండెల్లో మంట వచ్చినా పడదంటాం, వేరుశనగ తిని ఊపిరాడక ఆస్పత్రికి పరుగెత్తినా పడదనే అంటాం. స్కిన్ ప్రిక్ టెస్ట్ పనికొచ్చేది ఈ చివరి రకానికీ, మీలాంటి తుమ్ములకూ, కొన్ని రకాల ఆస్తమాకూ. హెయిర్ డై వల్ల వచ్చే పుండ్లకు ఇది కాదు, వీపు మీద అతికించి రెండు రోజులు ఉంచే ప్యాచ్ టెస్ట్ వేరే ఉంది.

ఇక సూదుల భయం. ఇందులో ఇంజెక్షన్ ఉండదు. ముంజేతి లోపలి వైపు పెన్నుతో గుర్తులు పెట్టి, కనీసం 2 సెంటీమీటర్ల ఎడంలో ఒక్కో పదార్థపు ద్రవం చుక్క వేస్తారు. చుక్క మీదుగా 1 మిల్లీమీటరు మొన ఉన్న లాన్సెట్ అనే చిన్న పరికరాన్ని చర్మం పై పొరకు తాకించి తీసేస్తారు. గోటితో చిన్నగా గిల్లినట్టు ఉంటుంది. రక్తం వస్తే లోతుగా గుచ్చారన్నమాట. చుక్క మారినప్పుడల్లా కొత్త లాన్సెట్ వాడాలి, అడగడానికి మొహమాటపడకండి. అసలు కష్టమంతా ఆ తర్వాతి 15 నుంచి 20 నిమిషాలే: దోమ కుట్టినట్టు ఉబ్బి దురద పెడుతుంది, గోకకూడదు.

ఆ చుక్కల్లో రెండు చాలా ముఖ్యం. ఒకటి హిస్టమిన్, అంటే అలర్జీ వచ్చినప్పుడు ఒంట్లో విడుదలై దురద, వాపు తెచ్చే రసాయనం; దానికి ఎవరికైనా దద్దురు లేవాలి. రెండోది ఉప్పునీరు, దానికి లేవకూడదు. గీత గీస్తే చాలు ఉబ్బిపోయే చర్మం కొందరిది, వాళ్లకు ఉప్పునీటికీ దద్దురు వస్తుంది. ఉప్పునీటి చుక్క కంటే 3 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి ఉబ్బితేనే పాజిటివ్ అంటాం. మన చర్మం రంగు మీద ఎరుపు సరిగా కనిపించదు. అందుకే నేను దద్దురు అంచును వేలితో తడిమి, చుట్టూ పెన్నుతో గీసి, ఆ గీతను పారదర్శకమైన టేపుతో ఎత్తి రోగి ఫైలులో అతికిస్తాను. కొలత లేకుండా ‘రెండు ప్లస్సులు, మూడు ప్లస్సులు’ అని రాసిచ్చే రిపోర్టుతో తృప్తిపడకండి.

మీరు రోజూ వేసుకునే సెటిరిజిన్‌ను పరీక్షకు 7 రోజుల ముందే ఆపాలి. లేకపోతే హిస్టమిన్ చుక్క కూడా లేవదు, పరీక్ష వృథా. జలుబు మాత్రల్లో, దగ్గు సిరప్‌లలో కూడా ఇలాంటి మందే ఉంటుంది, చూసుకోండి. డిప్రెషన్‌కు, నరాల నొప్పికి ఇచ్చే అమిట్రిప్టిలిన్ లాంటి మందులు కూడా ఫలితాన్ని చెడగొడతాయి గానీ వాటిని సొంతంగా ఆపకూడదు, రాసిన డాక్టర్‌నే అడగాలి. స్టెరాయిడ్ ముక్కు స్ప్రే, ఆస్తమా ఇన్‌హేలర్, మాంటెలుకాస్ట్ అనే అలర్జీ, ఆస్తమా మాత్ర మానక్కర్లేదు. ఆ వారం రోజులూ తుమ్ములు బాధిస్తే మీ డాక్టర్ సూచించే స్ప్రే, ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం ఆదుకుంటాయి.

ఒళ్లంతా రియాక్షన్ రావడం చాలా అరుదు. అయినా డాక్టర్ దగ్గరుండి, తీవ్రమైన రియాక్షన్‌కు వెంటనే ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్ అందుబాటులో ఉన్న చోటే చేయించుకోండి, ఇంటికొచ్చి చేస్తామనే వాళ్ల దగ్గర వద్దు. ఆస్తమా అదుపులో లేకపోయినా, గర్భం ఉన్నా వాయిదా వేయడం మంచిది. బీపీకి బీటా బ్లాకర్ వాడేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి.

చుక్కలు ఎన్ని ఎక్కువైతే పరీక్ష అంత గొప్పదని అనుకోకండి. మీకు మైట్లు, బొద్దింక, బూజు, వయ్యారిభామ వంటి పుప్పొళ్లు, పెంపుడు జంతువులు ఉంటే వాటి చుండ్రు చాలు. మైట్లని తేలితే దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీటిలో ఉతకడం, పరుపుకు మైట్లు దూరని తొడుగు వేయడం, స్ప్రే క్రమం తప్పకుండా వాడటంతో మొదలుపెడతారు. అవి చాలకపోతే ఇమ్యునోథెరపీ ఉంది, అంటే పడని పదార్థాన్నే కొద్దికొద్దిగా ఇచ్చి ఒంటికి అలవాటు చేసే చికిత్స; కనీసం మూడేళ్లు ఓపిక పట్టాలి.

పాలు, గుడ్డు, వంకాయ, రొయ్యలు ఎలా తిరిగి మొదలుపెట్టాలో పరీక్ష రోజునే అడగండి. ఐజీఈ పాజిటివ్ వచ్చిన రొయ్యలను ఇన్ని నెలల విరామం తర్వాత సొంతంగా ఒకేసారి కంచం నిండా తినకండి, మొదటి ముద్ద డాక్టర్ చెప్పిన పద్ధతిలోనే తినండి. ఆ పాత రిపోర్టు, వాడుతున్న మందుల చీటీలన్నీ తీసుకుని, మోచేతి పైకి సులువుగా మడిచే వదులు చేతుల దుస్తులు వేసుకుని వెళ్లండి.