అస్థిపంజరం కత్తి దూస్తే ముందు ఊడేది ఏమిటి?

కండలు, నరాలు లేని అస్థిపంజర సైనికులు కత్తి పట్టి ఎలా పోరాడతారని, ఫాంటసీ అభిమానులు ఈ చిక్కును ఎలా విడదీసుకుంటారని మీరు అడిగారు. చెన్నైలో మేము కొందరం తెలుగువాళ్ళం ఆదివారాలు వలసరవాక్కంలోని ఒక మిత్రుడి ఇంట చేరి, పాచికలు వేసి నడిపే ఫాంటసీ ఆట ఆడుతుంటాం. మాలో ఒకాయన వైద్య కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధిస్తారు కనుక, మా దగ్గర ఆట కంటే ఈ వాదనే ఎక్కువసేపు నడుస్తుంది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. అంతా మంత్రమే అనేస్తే వాదన అక్కడితో చచ్చిపోతుంది. మంత్రం ఏ ఒక్క పని చేస్తుందో తేల్చుకుని, తక్కినవన్నీ దేహధర్మానికి వదిలేస్తేనే అసలు వినోదం మొదలవుతుంది.

ఉదాహరణకు, ఎముక ఎముకను తాకే కీళ్ళను మాత్రమే మంత్రం పట్టి ఉంచి కదిలిస్తుందని అనుకుందాం. పెద్దవారి ఒంట్లోని 206 ఎముకల్లో, గొంతులోని హయాయిడ్‌కు మరే ఎముకతోనూ కీలు లేదు. కండరాలు, వాటి తోటి నారకట్ల ఆసరాతోనే వేలాడుతుంది కాబట్టి సైనికుడు సమాధిలోంచి లేవగానే అది టప్పున రాలుతుంది. చేతుల కథ మరీ దయనీయం. భుజం వెనుకనున్న రెక్క ఎముకను పక్కటెముకల గూటికి అంటిపెట్టేవి కండరాలే. చెయ్యి మొత్తానికీ మొండెంతో ఎముకల లంకె ఉన్నది కాలర్ బోను రొమ్ము ఎముకను కలిసే ఆ ఒక్క కీలు దగ్గరే. డాక్టరుగారు మెడ కింది గుంట పక్కన వేలు ఆనించి, భుజం ఎగరేస్తూ ఆ కీలు కదలడం చూపించినప్పుడు, మేమంతా బజ్జీలు పక్కన పెట్టి ఎవరి మెడ వాళ్ళం తడుముకున్నాం. అంతటితో అయిపోలేదు. ఆ రొమ్ము ఎముక పక్కటెముకలకు నేరుగా అతుక్కోదు, మధ్యలో మృదులాస్థి ఉంటుంది. అది కుళ్ళిపోయిన సైనికుడు కత్తి దూయబోతే రొమ్ము ఎముక, రెండు కాలర్ బోన్లు, రెండు చేతులు ఒకే కట్టగా జారి కాళ్ళ దగ్గర పడతాయి. కళాశాలల్లో అస్థిపంజరాలు దర్జాగా నిలబడుతున్నాయంటే ఆ పుణ్యం తీగలది, మరలది.

జాంబీల దగ్గరికొచ్చేసరికి వాదన ఎండల మీదకు మళ్ళింది. కండరం బిగువు సడలడానికి ఏటీపీ అనే, కణాలకు శక్తినిచ్చే పదార్థం కావాలి. ప్రాణం పోయాక అది తయారవదు కనుక కొన్ని గంటల్లో శవం కొయ్యబారుతుంది, తర్వాత కుళ్ళే కొద్దీ ఆ బిగువు వీడుతుంది. వేడిలో ఈ రెండూ త్వరగా జరుగుతాయి. కాబట్టి రోహిణీ కార్తెలో చెన్నై జాంబీకి పరిగెత్తే వ్యవధి బహు తక్కువని, బెంగళూరు జాంబీ కాస్త తీరిగ్గా వేటాడవచ్చని తీర్మానించాం. బెంగళూరు నుంచి వచ్చే ఆటగాడు దీన్ని కూడా తన ఊరి గొప్పల్లో కలిపేసుకున్నాడు.

రక్తపిశాచికి గుండె కొట్టుకోదంటే, రక్తం కిందికి దిగి నిలవాలి. నిలబడి ఉన్న పిశాచికి మొహం పాలిపోవాలి, పాదాలు కందగడ్డలు కావాలి. పాలిపోయిన మొహం గురించి అందరూ రాశారు, పాదాల సంగతి బూట్లు దాచాయి.

మన భేతాళుడు మాత్రం ఈ లెక్కలకు లొంగడు. శవంలో ఉండి మాట్లాడాలంటే ఊపిరితిత్తులు గాలి పంపాలి, స్వరతంతువులు కంపించాలి. పైగా రాజు భుజం మీద పొట్ట నొక్కుకుపోతుంటే నాలుగు మాటలకొకసారి కథ తెగాలి. భేతాళుడు శవంలో కాపురమున్నవాడే తప్ప శవం కాడు, అతనికి గొంతుతో పనిలేదని కొందరు వాదిస్తారు. అలాగైతే ఆ శవం దేనికి, చెట్టు మీదనుంచే కథ చెప్పవచ్చు కదా అన్నది నా అభ్యంతరం. దీనికి ఇంతవరకు ఎవరూ సరైన జవాబివ్వలేదు.

మీ ఆటకు పనికొచ్చేది ఒకటుంది. వయసు పైబడేకొద్దీ పక్కటెముకల మృదులాస్థిలో సున్నం చేరి గట్టిపడుతుందని డాక్టరుగారు చెప్పారు. ఆనాటి నుంచి మాలో మాంత్రికుడి పాత్ర ఆడే మిత్రుడు పడుచు వీరుల సమాధుల వైపు కన్నెత్తి చూడడం లేదు. సైన్యం మొత్తాన్నీ ముసలివాళ్ళతోనే నింపుతున్నాడు.