పొగ ఎప్పుడు వస్తోందో ముందు చూడమ్మా

గాజువాక

చి. ల. సౌ. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోనులో అంతా చెప్పింది. బావగారు నీకిచ్చిన మారుతి 800 ఆయిలు తాగుతోందని, వెనక నీలం పొగ వస్తోందని, ఎవరో మెకానిక్ చూసి ఇంజిన్ దించాల్సిందే అన్నాడని. నువ్వు డబ్బు కూడా సిద్ధం చేసుకున్నావట. ఆ డబ్బు ప్రస్తుతానికి బ్యాంకులోనే ఉండనీ. ఆటోనగర్‌లో నలభై ఏళ్లు పానా పట్టినవాడిని కాబట్టి చెబుతున్నాను. ఆ పొగ ఏ సమయంలో వస్తోందో, ఎంత ఆయిలు పోతోందో తెలియకుండా ఇంజిన్ మీద చెయ్యి వెయ్యనివ్వకు.

ముందు ఆయిలు లోపల కాలుతోందా, బయటికి కారుతోందా తేల్చుకో. రాత్రి కారు కింద పాత వార్తాపత్రికలు పరిచి, పొద్దున్నే మరకలు చూడు. నువ్వు భీమిలిలో సముద్రానికి ఎదురుగా కారు నిలుపుతావు. ఆ ఉప్పు గాలికి అడుగున ఆయిలు నిలిచే సంప్ రేకు తుప్పు పట్టి, సూదిమొనంత చిల్లు పడ్డ బండ్లు నా దగ్గరికి చాలా వచ్చాయి. ఇంజిన్ పైమూత కింది గాస్కెట్ గట్టిపడినా ఆయిలు జారి వేడి గొట్టం మీద పడుతుంది. మాడిన వాసన, కాస్త పొగ వస్తాయి. అలాంటి బండికి కూడా ఇంజిన్ దించాలన్న మహానుభావులు ఉన్నారు.

తర్వాత కొలత. చదునైన చోట కారు ఆపి, పది నిమిషాలు ఆగి, ఆయిలు మట్టం చూపే డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్లీ ముంచి చూడు. పై గీత వరకు పోసి, మీటరులో కిలోమీటర్లు రాసుకో. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక మళ్లీ పై గీతకు రావడానికి ఎంత పోయాల్సి వచ్చిందో అదీ రాసుకో. కొన్ని కార్ల కంపెనీలే వెయ్యి కిలోమీటర్లకు లీటరు దాకా పోవడం మామూలేనని తమ పుస్తకాల్లో రాస్తాయి. నాకు అది మరీ ఉదారంగా అనిపిస్తుంది కానీ, పాత బండికి పావు లీటరు పోతే బెంగపడాల్సిన పని లేదు. పై గీత దాటించి మాత్రం పోయకు. ఎక్కువైన ఆయిలును అడుగున తిరిగే క్రాంక్ షాఫ్ట్ ఇరుసు చిలికి నురగ చేస్తుంది. అది ఇంజిన్ లోపలి ఆవిర్లు పోయే బ్రీదర్ గొట్టం ద్వారా మళ్లీ ఇంజిన్‌లోకే వెళ్లి కాలుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. నువ్వు బడికి వెళ్లేది మూడు కిలోమీటర్లు. ఆ కాస్త దూరానికి ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు. కాలని పెట్రోలు కొంత, పిస్టన్ల చుట్టూ ఉండే రింగుల పక్క నుంచి దిగి ఆయిలులో కలుస్తుంది. అందుకే నెలల తరబడి మట్టం తగ్గినట్టే కనిపించదు. ఒకరోజు అరకు వెళ్లి వచ్చావనుకో, ఆ వేడికి పెట్రోలంతా ఆవిరైపోయి మట్టం ఒక్కసారిగా పడిపోతుంది. అందరూ ఘాట్ రోడ్డు ఇంజిన్‌ను పాడుచేసిందంటారు. పాపం, ఘాట్ రోడ్డు చేసిందేమీ లేదు.

ఇక పొగ సంగతి. నలుపైతే పెట్రోలు ఎక్కువవుతోందని. తెల్లటి పొగ ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకపోతే రేడియేటర్ నీళ్లు లోపలికి వెళ్తున్నాయని. నీలమైతే ఆయిలే. ఆ నీలం పొగ ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోవడానికి మన సింహాచలం కొండ కంటే మంచి పరికరం ఏ వర్క్‌షాపులోనూ లేదు. కొండ ఎక్కేటప్పుడు ఇంజిన్ మీద బరువు పడుతుంది. సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది. రింగులు అరిగి ఉంటే అప్పుడే పొగ కొడుతుంది. దిగేటప్పుడు రెండో గేరులో పెట్టి, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు పూర్తిగా తీసెయ్యి. గాలి దారి మూసుకుపోవడంతో ఇంజిన్ లోపల గట్టిగా పీల్పు పుడుతుంది. సిలిండర్‌లోకి గాలినీ బయటికి పొగనూ వదిలే వాల్వుల కాడలను పట్టి ఉండే చిన్న రబ్బరు సీళ్లు గట్టిపడి ఉంటే, ఆ పీల్పుకు పైనుంచి ఆయిలు జారి సిలిండర్‌లోకి దిగుతుంది. కొండ కింద చదునుకు వచ్చాక యాక్సిలరేటర్ తొక్కితే ఒక్కసారి నీలం మేఘం లేచి, వెంటనే తేటబడుతుంది. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ఒక్క గుక్క పొగ వచ్చి ఆగిపోయినా అనుమానం సీళ్ల మీదే.

మీ అమ్మ మాటలను బట్టి నీది ఈ రెండో రకం, అంటే సీళ్ల రకమే అనిపిస్తోంది. అందుకే ఇంత తొందరగా రాస్తున్నాను. వాల్వ్ సీళ్లు మార్చడానికి ఇంజిన్ దించనక్కర్లేదు. చేయి తిరిగినవాడైతే సిలిండర్ల పైన ఉండే హెడ్ కూడా విప్పకుండా, స్పార్క్ ప్లగ్ రంధ్రం నుంచి గాలి పట్టించి, వాల్వులు లోపలికి జారిపోకుండా నిలిపి, స్ప్రింగులు తీసి మార్చేస్తాడు. రబ్బరు ముక్కల ధర తక్కువ, కూలీయే ఎక్కువ.

ఈ తేడా నాకు సిగ్గుపడితేనే తెలిసింది. పని నేర్చిన కొత్తలో ఒక ఫియట్ కారు పొగ కొడుతోందని ఇంజిన్ దించి కొత్త రింగులు వేశాను. నెల తిరగకుండా కారు మళ్లీ వచ్చింది, అంతకుముందు కంటే ఎక్కువ పొగతో! అసలు అరిగినవి వాల్వ్ గైడ్లు, అంటే వాల్వ్ కాడలు కదిలే గొట్టాలు. కొత్త రింగులు గట్టిగా పట్టడంతో పీల్పు పెరిగి, ఆ గైడ్ల గుండా ఆయిలు ఇంకా ఎక్కువ దిగింది. యజమాని ఏమీ అనలేదు. అనుంటేనే బాగుండేది.

ఎక్కేటప్పుడే పొగ వస్తే కంప్రెషన్ టెస్ట్ చేయించు. మూడు సిలిండర్లలోనూ ఒత్తిడి కొలిచి, తక్కువ ఉన్న దాంట్లో ఒక చెంచా ఆయిలు పోసి మళ్లీ కొలవమను. పెరిగితే రింగుల లోపం. పెరగకపోతే వాల్వుల వైపు చూడాలి. రింగులైనా వెంటనే మార్చనక్కర్లేదు. ఆయిలు గీకి కిందికి దించే అడుగు రింగు చాలాసార్లు అరిగి ఉండదు, మసి పేరుకుని గాడిలో ఇరుక్కుపోయి ఉంటుంది. ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాల్లో మసి కరిగించే ద్రవం పోసి రాత్రంతా నానబెట్టాలి. పొద్దున ప్లగ్గులు పెట్టకముందే ఇంజిన్ తిప్పి ద్రవమంతా బయటికి చిమ్మించాలి. ఇది మరిచిపోతే పిస్టన్లను పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్లు వంగిపోవచ్చు. ఆ తర్వాత ఆయిలు, ఫిల్టర్ కొత్తవి వెయ్యాలి. అందరికీ పనిచేస్తుందని చెప్పలేను కానీ, నాకు బాగానే పనిచేసింది.

పొగ మాన్పిస్తామనే సీసాల మందులు కొనకు. చాలావరకు అవి ఆయిలును చిక్కబరచడం తప్ప చేసేదేమీ లేదు. దానికి బదులు కారుతో వచ్చిన పుస్తకంలో కంపెనీ అనుమతించిన గ్రేడుల్లో ఒక మెట్టు చిక్కనిది పోయించు. మన ఊళ్లో గడ్డకట్టే చలి లేదు కాబట్టి పాత ఇంజిన్‌కు ఇబ్బంది ఉండదు. ఎయిర్ ఫిల్టర్ కూడా చూసుకో. పోర్టు వైపు బొగ్గు, ఇనుప ఖనిజం దుమ్ములో తిరిగే బండికి చిరిగిన ఫిల్టర్ ఉంటే సిలిండర్ గోడలను సాన పట్టినట్టే.

ఇవన్నీ అయ్యాక కూడా సిలిండర్లు అరిగాయని తేలితే, అప్పుడు ఇంజిన్ దించుదాం. లేత్ వర్క్‌షాపులో బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, కొలిపించి, అవసరమైతే పెద్ద సైజు పిస్టన్లు వేయించుదాం. కొలవకుండా రింగులు మాత్రమే మార్చేస్తానంటే ఒప్పుకోకు.

ఈలోగా ప్రతి ఆదివారం ఆయిలు చూసి పోసుకుంటూ ఉండు. మట్టం కింది గీతకు దిగనివ్వకు. పొగ వల్ల ప్లగ్గులకు మసి పట్టి కారు నడక దెబ్బతింటుందేమో కానీ, ఆయిలు లేక బేరింగులు పట్టేస్తే మాత్రం ఆ మెకానిక్ అన్న ఖర్చు నిజంగానే పెట్టాల్సి వస్తుంది.

సింహాచలం ఎప్పుడు వెళ్తావో ఒకరోజు ముందు ఫోను చెయ్యి. కొండ దిగేటప్పుడు నీ వెనక స్కూటర్ మీద వస్తూ పొగ నేను చూస్తాను. మీ అత్తయ్య కూడా అప్పన్న దర్శనానికి ఎప్పటి నుంచో అడుగుతోంది, ఆమెను నీ కారులో ఎక్కించుకో.

నీ మామయ్య